మందు కొట్టని కుంటలోకి మందు ఎలా వచ్చింది?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే దిద్దండి. మొయినాబాద్ దగ్గర మీకు మూడెకరాల భూమి ఉంది, అందులో అరెకరం కుంట. నాలుగేళ్లుగా మీరు ఏ రసాయన మందూ వాడలేదు. పక్క పొలాల నీరు కుంటలోకి దిగకుండా చుట్టూ కట్ట పోయించారు. పడమట పత్తి చేలు, ఉత్తరాన మామిడి తోట. సెప్టెంబరులో చేప పిల్లలు చచ్చి తేలాయి. నీటి పురుగులు, చిన్న రొయ్యలు కనబడకుండా పోయాయి. నీరు పరీక్షకు పంపితే లీటరుకు 0.4 మైక్రోగ్రాముల క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు ఉందనీ, అది తాగునీటి పరిమితికి లోపలే కనుక చింత లేదనీ నివేదిక వచ్చింది. బయటి నీరే రాని చోటికి మందు ఎలా వచ్చింది, చింత లేదన్న మాట నమ్మవచ్చా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

మందు గాలిలో వచ్చింది. చింత లేదన్న మాట నమ్మవద్దు.

రాజేంద్రనగర్ పరిసరాల్లో ముప్పై ఏళ్లకు పైగా నీటిలో, మట్టిలో పురుగుమందుల అవశేషాలు కొలిచే పని చేశాను. చెరువు చెడిపోయిందనగానే అందరి చూపూ కాలువ మీదికే పోతుంది. ఎవరు ఏం వదిలారు, ఏ వాగు ఏం మోసుకొచ్చింది అని వెతుకుతారు. అది అవసరమే. వాన నీటితో పాటు పొలం నుంచి కొట్టుకొచ్చే మందే చాలా చోట్ల పెద్ద వాటా. కానీ ప్రతి చెరువుకూ నేల మీద ఒక పరీవాహక ప్రాంతం ఉన్నట్టే గాలిలో మరొకటి ఉంటుంది. దానికి కట్ట వేయలేం, హద్దురాయి పాతలేం. మీరు ఆపినది మొదటిదాన్ని మాత్రమే.

ఒకసారి షాబాద్ వైపు రెండు కుంటల నీరు పట్టాను. ఒకటి పత్తి చేల వాలు కింద, రెండోది మిట్ట మీద. మిట్ట మీద దానిలోకి వాన తప్ప మరో నీరు దిగే దారి లేదు. అది శుభ్రంగా ఉంటుందని నమ్మి, పోలిక కోసం తీసుకున్నాను. వానలు ఇంకా బలంగా పడని రోజులవి. రెండింటిలో మిట్ట మీది కుంటలోనే మందు ఎక్కువగా కనిపించింది. సీసాలు తారుమారు చేశానేమోనని మళ్లీ వెళ్లి మళ్లీ నీళ్లు పట్టాను. ఫలితం మారలేదు. గాలి ఎటు వీస్తోందో రాసుకోకుండా నీటి నమూనా తీయడం ఆ రోజుతో మానేశాను.

ఇక గాలి దారులు. మొదటిది, మీ విషయంలో ముఖ్యమైనది, పిచికారీ చేస్తుండగానే కొట్టుకుపోయే తుంపర. నాజిల్ నుంచి వచ్చే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండవు. కదలని గాలిలో మూడు మీటర్ల ఎత్తు నుంచి, అంటే మామిడి కొమ్మ ఎత్తు నుంచి, 400 మైక్రాన్ల చుక్క రెండు సెకన్లలో నేలకు దిగుతుంది. 100 మైక్రాన్ల చుక్కకు, అది దాదాపు తల వెంట్రుక మందం, పది పదకొండు సెకన్లు పడుతుంది. 10 మైక్రాన్ల చుక్కకు పదిహేడు నిమిషాలు కావాలి. గంటకు ఐదు కిలోమీటర్ల పిల్లగాలి వీస్తోందనుకోండి. వెంట్రుక మందం చుక్క ఈలోగా పదిహేను మీటర్లు జరుగుతుంది. పది మైక్రాన్లది కిలోమీటరు దాటిపోతుంది. పైగా చుక్కలో ఉన్నది ఎక్కువగా నీరే. ఎండ పొద్దున ఆ నీరు దారిలోనే ఆవిరైపోయి చుక్క ఇంకా చిన్నదవుతుంది, మందు మాత్రం అంతే మిగులుతుంది. అంటే బరువు తగ్గి, చిక్కదనం పెరిగి, మరింత దూరం వెళ్తుంది.

మన రైతుల్లో ఒక నమ్మకం బలంగా ఉంది: పొగలాగా వస్తేనే మందు బాగా పట్టినట్టు. అందుకే పవర్ స్ప్రేయర్ ఒత్తిడి పెంచుతారు. 400 మైక్రాన్ల చుక్క ఒక్కటి 100 మైక్రాన్ల చుక్కలుగా విడిపోతే అరవై నాలుగు అవుతాయి. ఆకు మీద ఎక్కువ చోట్ల పడే మాట నిజమే. గాలికి ఎగిరిపోయేది పెరిగే మాట కూడా అంతే నిజం. కొన్న మందు డబ్బు పక్కవాడి చెరువులో పడుతోందని చెబితే రైతు వింటాడు. పర్యావరణం అని మొదలుపెడితే వినడు. ఇది నేను నేర్చుకున్న పాఠం.

ఎంత కొట్టుకుపోతుందో జర్మనీలో ఏళ్ల తరబడి పొలాల్లో కొలిచారు. సాధారణ పైర్లలో పిచికారీ చేస్తే పొలం అంచు నుంచి ఒక మీటరు దూరంలో, పొలంలో పడిన మోతాదులో 2.77 శాతం దాకా పడింది. ఐదు మీటర్ల దగ్గర 0.57 శాతం, పది మీటర్ల దగ్గర 0.29 శాతం. పండ్ల తోటల్లో, ఆకు నిండుగా రాని కాలంలో, మూడు మీటర్ల దూరంలో 29 శాతం దాకా పడింది. అక్కడి యంత్రాలు వేరు, మన వీపు పంపులు వేరు కనుక ఈ అంకెలను అచ్చంగా తెచ్చుకోకూడదు. తెచ్చుకోవలసినవి రెండు పోలికలు. దూరం పది రెట్లు పెరిగితే పడేది దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. పైకి ఎగజిమ్మే తోటల పిచికారీ కిందికి కొట్టే పైర్ల పిచికారీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వదిలేస్తుంది.

ఇప్పుడు మీ కుంట లెక్క వేద్దాం. పత్తికి క్లోరిపైరిఫాస్ 20 శాతం మందును లీటరు నీటికి 2.5 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతారు. ఎకరానికి 200 లీటర్ల నీరు అనుకుంటే 500 మిల్లీలీటర్ల మందు, అందులో అసలు విషం సుమారు 100 గ్రాములు. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు దాదాపు 25 మిల్లీగ్రాములు పడినట్టు. అందులో ఒక్క శాతం మీ కుంట మీద వాలిందనుకోండి, చదరపు మీటరుకు పావు మిల్లీగ్రాము. కుంట లోతు ఒక మీటరైతే ఆ చదరపు మీటరు కింద వెయ్యి లీటర్ల నీరుంటుంది. లీటరుకు 0.25 మైక్రోగ్రాములు వచ్చింది. కుంట అంతటా ఒక్క శాతం పడదు. పడమటి అంచున ఎక్కువ, తూర్పు అంచున తక్కువ. కానీ సీజనులో కొట్టేది ఒక్కసారి కాదు, చుట్టూ ఉన్నది ఒక్క రైతూ కాదు. మీ 0.4 ఎక్కడి నుంచో ఊడిపడిన అంకె కాదు, ఈ లెక్కకు సరిపోయేదే.

ఇంత తక్కువకు భయపడాలా అంటే, ఎవరి సంగతి అడుగుతున్నామన్నది చూడాలి. భారతీయ ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, క్లోరిపైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాముల వరకు అనుమతిస్తుంది. అది మనిషి తాగడానికి వేసిన లెక్క. నీటిలో బతికే ప్రాణుల కోసం అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, కొద్దిసేపు తగిలినా మించకూడనిది, 0.083 మైక్రోగ్రాములు. రెండింటికీ మధ్య తేడా మూడు వందల అరవై రెట్లు. మీ నీరు తాగునీటి పరిమితిలో డెబ్బై ఐదో వంతే ఉంది. అదే నీరు రొయ్య పిల్లకు, నీటి ఈగకు హద్దు దాటి దాదాపు ఐదు రెట్లు. మీ నివేదిక రాసినవారు అబద్ధం చెప్పలేదు, మీరు అడగని ప్రశ్నకు జవాబిచ్చారు. ఇలాంటి నివేదికలు చేతబట్టుకుని, కుంటలో ప్రాణం పోయాక కూడా అంతా బాగుందని ఇంటికి వెళ్లినవాళ్లను చూశాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

రెండో దారి ఆవిరి. పిచికారీ అయిపోయి పంపు కడిగి పెట్టేశాక కూడా ఇది ఆగదు. మూడో రోజు మధ్యాహ్నం కూడా పత్తి చేను దగ్గర మందు వాసన వస్తుందని మీరు రాశారు. ఆ ఘాటులో కొంత మందును కరిగించిన ద్రావకానిది, కొంత మందుదే. ఆకు మీద నుంచి, నేల మీద నుంచి అది ఆవిరవుతూనే ఉంటుంది. ఎండ పెరిగిన కొద్దీ పెరుగుతుంది. చాలామంది నమ్మని విషయం ఒకటి చెబుతాను: పొడి నేల కంటే తడి నేల నుంచే మందు ఎక్కువగా ఆవిరవుతుంది. పొడి మట్టి రేణువులు మందును గట్టిగా పట్టుకుంటాయి. నీరు చేరితే ఆ చోటు నీరు ఆక్రమించి మందును వదిలిస్తుంది. వాన పడి వెలిసిన మర్నాడు ఎండ కాస్తే చేను మీద వాసన ఎక్కువగా తగలడానికి ఇదీ ఒక కారణం. ఈ ఆవిరి కుంట మీదుగా పోతూ నేరుగా నీటిలో కరుగుతుంది. గాలిలో తక్కువై నీటిలో ఎక్కువైతే నీటి నుంచి మళ్లీ గాలిలోకి పోతుంది కూడా. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా ఉంటుంది. అందుకే ఒకే కుంటలో ఉదయం, సాయంత్రం అంకెలు ఒకలా ఉండవు.

ధూళి మూడోది. ఎండాకాలం దున్నిన చెలక నేలల నుంచి లేచే దుమ్ముకు అంటుకుని పాత మందులు ప్రయాణం చేస్తాయి. మీ సెప్టెంబరు సమస్యలో దీని పాత్ర తక్కువ.

వాన సంగతి వేరు. వాన అంటే పొలం కడిగి కుంటలో పోసేది అనుకుంటాం. అది నేలను తాకకముందే గాలిని కడుగుతుంది. గాలిలో తేలే సూక్ష్మ రేణువుల్ని, కరిగే ఆవిరిని చినుకు తనలో చేర్చుకుని దిగుతుంది. అందుకే కొన్ని రోజులు వాన లేక, ఊరంతా పిచికారీ జరిగాక పడే మొదటి జల్లులో మందు ఎక్కువ. అదే వాన గంటసేపు పడితే చివరి నీటిలో తక్కువ. పొగమంచు చుక్కలు మరీ చిన్నవి, గాలిలో ఎక్కువసేపు ఉంటాయి కనుక ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి. కాలిఫోర్నియా పంట లోయల్లో పొగమంచును పట్టి పరీక్షిస్తే, చుట్టూ ఉన్న గాలిని బట్టి ఊహించిన దానికంటే చాలా ఎక్కువ మందు దొరికింది. అక్కడి పొలాల మందులే పక్కనున్న సియెర్రా నెవాడా కొండల మంచులో, సరస్సుల్లో కూడా కనిపించాయి.

దూరం మాట వచ్చింది కనుక పత్తికి సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. అమెరికా, కెనడాల మధ్య సుపీరియర్ సరస్సు ఉంది. దాని నడుమ ఐల్ రాయల్ అనే దీవి, ఆ దీవి లోపల సిస్కివిట్ అనే చిన్న సరస్సు. చుట్టూ అడవి, సేద్యం లేదు, బయటి నుంచి ఏ నదీ దానిలో కలవదు. ఆ సరస్సు చేపల్లో టాక్సాఫీన్ అనే పురుగుమందు దొరికింది. అది ఎక్కువగా వాడింది అమెరికా దక్షిణాది పత్తి పొలాల్లో, అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో. నీటి దారి లేదు కనుక గాలి దారి తప్ప మరొకటి మిగలలేదు. మన దేశంలో కేరళలోని కాసర్‌గోడ్ ఉంది. అక్కడి జీడిమామిడి తోటల మీద 2000 సంవత్సరం దాకా, రెండు దశాబ్దాలకు పైగా, హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. కొండల మీద చల్లితే లోయల్లోని ఊటలు, వాగులు, ఇళ్ల దగ్గర నీళ్లు పట్టుకునే సొరంగాలు దాని కిందే ఉన్నాయి. సుప్రీంకోర్టు 2011 మే 13న దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపింది. అప్పటిదాకా మన పత్తి రైతుల చేతుల్లోనూ అదే సీసా ఉండేది.

మీ చోటుకు వద్దాం. మీరున్నది ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ఎగువన. 1908 మూసీ వరద తర్వాత కట్టిన జలాశయాలివి, ఒకటి 1920లో, మరొకటి 1927లో పూర్తయ్యాయి. వాటిని కాపాడటానికి 1996లో వచ్చిన 111వ జీవో పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో, కాలుష్యం కలిగించే పరిశ్రమలను, పెద్ద నిర్మాణాలను అడ్డుకుంది. సేద్యాన్ని అడ్డుకోలేదు, అడ్డుకోవాలని నేననను కూడా. ఆ జీవో గురించి ఇన్నేళ్లుగా జరిగిన వాదనల్లో భూమి ధర వినిపించింది, కాంక్రీటు వినిపించింది, గాలి మాత్రం ఎక్కడా వినిపించలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు గాలి ప్రధానంగా పడమటి నుంచి వీస్తుంది. పత్తి మీద ఎక్కువ మందు పడేది జూలై నుంచి. చేవెళ్ల, షాబాద్, వికారాబాద్ వైపు పొలాలు పడమట ఉన్నాయి, జలాశయాలు తూర్పున ఉన్నాయి. మందు ఎక్కువ కొట్టే కాలమూ, గాలి పొలం నుంచి చెరువు వైపు వీచే కాలమూ ఒక్కటే. మీ కుంట ఆ దారిలో ఉంది. చలికాలంలో గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది, అప్పుడు మీ ఉత్తరాన ఉన్న మామిడి తోట సంగతి చూడాలి.

ఆ తోట గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తున్నాను. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు. గాలి లేదు కదా అని తెల్లవారుజామునే మొదలుపెడతారు. మంచి ఉద్దేశంతో చేసే పెద్ద పొరపాటిది. చలికాలపు వేకువలో నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి చల్లగా, పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఉష్ణ విలోమం అంటారు. కింది గాలి పైకి లేవదు, మూత పెట్టినట్టు నిలిచిపోతుంది. డిసెంబరు ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచి చూడండి, చెత్త కాల్చిన పొగ పైకి పోకుండా దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. సన్న తుంపర కూడా అలాగే పలచబడకుండా నిలిచి, పల్లానికి మెల్లగా జారుతుంది. పల్లంలో ఉండేది కుంటే. ఎండ వచ్చి గంట, రెండు గంటలు గడిచాక, ఆకు మెల్లగా కదిలేంత గాలి మీ కుంట నుంచి తోట వైపు వీస్తున్నప్పుడు కొట్టడం మేలు. గాలి గంటకు పదిహేను కిలోమీటర్లు దాటితే ఆపేయాలి. అసలు గాలే లేకపోతే అనుమానించాలి.

ఇక డ్రోన్ల సంగతి. వీపు పంపుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్లు కొట్టేచోట డ్రోను పది లీటర్లతో సరిపెడుతుంది. అంటే చుక్క సన్నం, మందు చిక్కన, ఎత్తు ఎక్కువ. మందు కొట్టే మనిషి విషం పీల్చకుండా కాపాడుతుంది కనుక నేను డ్రోనుకు వ్యతిరేకిని కాను. ఆ పనిలో ఆసుపత్రి పాలైన కూలీలను చూసినవాణ్ణి. కానీ చెరువు పక్క పొలంలో డ్రోను ఎగిరేటప్పుడు గాలివాలు చూడకపోతే పంపు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. పక్క రైతు డ్రోను పిలిపిస్తే, కుంట వైపు వరుసలను వదిలేయమని నడిపేవారితో ముందే మాట్లాడండి.

పక్క రైతుతో మాట్లాడేటప్పుడు నివేదిక చూపించి నిలదీయకండి. నీ మందు నా కుంటలో పడుతోంది అంటే గొడవ, నీ డబ్బు నా కుంటలో పడుతోంది అంటే సంభాషణ. కుంట వైపు పది మీటర్ల మేర ఆఖరి సాళ్లను మందు లేకుండా వదిలేస్తే ఆ సాళ్లలో తగ్గే దిగుబడికి మీరు కొంత ఇస్తానని చెప్పవచ్చు. నాకు తెలిసి ఇంతకంటే చౌకైన రక్షణ లేదు. ఒత్తిడి తగ్గించి, చుక్క పెద్దదిగా వచ్చే నాజిల్ మార్చుకుంటే మీరే కొనిపెట్టండి, పెద్ద ఖర్చు కాదు. మీ పడమటి కట్ట మీద సరుగుడు గానీ సుబాబుల్ గానీ రెండు వరుసలు, వాటి ముందు నేపియర్ గడ్డి వేయండి. గోడ కట్టకండి. గోడకు తగిలిన గాలి ఎగిరి అవతల, అంటే మీ కుంటలోనే, సుడి తిరిగి తుంపరను దింపుతుంది. గాలిని కొంత పోనిస్తూ తుంపరను వడపోసే ఆకు కావాలి.

ఒక అనుమానం తీర్చుకోవడం కూడా అవసరం. చేపలు చచ్చిన ప్రతిసారీ మందే కారణం కాదు. నీటిలో ప్రాణవాయువు తగ్గితే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ముందు పెద్ద చేపలు చస్తాయి. మందు తగిలితే చిన్నవి ముందు పోతాయి, వంకర్లు తిరుగుతూ ఈదుతాయి, నీటి పురుగులు, రొయ్యలు కూడా కలిసి పోతాయి. మీరు రాసిన లక్షణాలు రెండోదానివి.

గాలి దారిని మీ కళ్లతో చూడాలంటే, నీటి చుక్క పడితే నీలంగా మారే పసుపు కాగితాలు దొరుకుతాయి, పిచికారీ పరీక్షలకు వాడేవే. పక్క చేలో మందు కొట్టే రోజు కట్ట మీద, కుంట నడుమ కర్రలకు, తూర్పు అంచున ఒక్కొక్కటి పెట్టండి. పిచికారీకి ముందు పెట్టి, అవగానే తీసేయండి. మంచుకు, చెమట చేతికి కూడా నీలం తిరుగుతాయి, నేను మొదట్లో అలా మోసపోయాను. వాన నీటిని స్టీలు గిన్నెలో పట్టండి. ప్లాస్టిక్ గోడలకు మందు అంటుకుని అంకె తగ్గుతుంది. గిన్నెను నేల మీద పెట్టకండి, చినుకు చిందితే మట్టి కలుస్తుంది. నడుము ఎత్తు బల్ల మీద పెట్టండి. ముదురు గోధుమ రంగు గాజు సీసాలో నింపి, మంచు పెట్టెలో ఆ రోజే పంపండి. పంపే ముందు ప్రయోగశాలను ఒక్క ప్రశ్న అడగండి: మీరు ఎంత తక్కువ దాకా కొలవగలరు? లీటరుకు అర మైక్రోగ్రాము కంటే తక్కువ కొలవలేని చోట మీ 0.4 కూడా ‘కనబడలేదు’ అనే వస్తుంది. 0.05 కంటే కిందికి కొలవగల చోటికే పంపండి.

వచ్చే జూలైలో పత్తికి మొదటి పిచికారీ కాకముందు ఒక సీసా కుంట నీరు, పిచికారీ అయిన మర్నాడు ఒకటి, ఆ తర్వాత పడే మొదటి వాన నీరు గిన్నె నుంచి ఒకటి పట్టండి. ప్రతి సీసా మీదా తేదీ, సమయంతో పాటు గాలి ఎటు నుంచి వీస్తోందో రాయండి. ఆ మూడు అంకెలు ఇక్కడ పెడితే, మీ కుంటలోకి ఎంత తుంపరగా వచ్చింది, ఎంత వానలో దిగింది అన్నది కూర్చుని లెక్కగడదాం.